క్యాన్సర్ నొప్పి మాత్రలకు లొంగనప్పుడు: వెన్నులోకి మందు ఇప్పించాలా, వేరే దారి చూడాలా?

"మార్ఫిన్ ఇంకా పెంచితే మనిషి మత్తులోనే ఉండిపోతారు. వెన్నులో సన్న ట్యూబు పెట్టి మందిద్దాం. ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి." గుంటూరులోనో విజయవాడలోనో డాక్టరు ఈ మాట అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. అక్క వద్దంటుంది. బావగారు హైదరాబాద్ తీసుకెళ్దామంటారు. వెన్నులో సూది గుచ్చితే కాళ్ళు పడిపోతాయని పక్కింటివాళ్ళు భయపెడతారు. నొప్పి భరిస్తున్న మనిషి మాత్రం "ఏదో ఒకటి చెయ్యండర్రా" అని గోడవైపు తిరిగి పడుకుంటారు.

అలా రెండు మూడు దారుల మధ్య ఇరుక్కుపోయిన కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ఉన్న మా మేనత్త దగ్గర ఉండి, ఈ నిర్ణయం ఎలా తీసుకుంటారో దగ్గరగా చూసినవాణ్ణి. ఏ డోసు, ఏ మందు అన్నది మీ డాక్టరే చెప్పాలి. ఆయన చెప్పింది మీ మనిషికి, మీ ఇంటికి సరిపోతుందో లేదో తూచుకోవడానికి పనికొచ్చే సంగతులు ఇక్కడున్నాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాత్రలన్నీ అయిపోయాక మిగిలే ఆఖరి ఆశ అని వెన్ను దారిని చూడకండి. కొన్ని రకాల నొప్పికి అది చాలా బాగా పనిచేస్తుంది, కొన్నిటికి అసలు అవసరమే లేదు. అవసరమైనవాళ్ళకు ఆలస్యంగా చేయిస్తే సగం లాభం పోతుంది. ఇంకో మాట, అది నిలబడేది రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి ఉన్నప్పుడే.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

మాత్రలు ఎందుకు పనిచేయడం లేదు? ఈ ఒక్క మాటలో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోతుంటాయి. డోసు చాలక నొప్పి తగ్గకపోవడం ఒకటి. డోసు సరిపోతున్నా వాంతులు, మగత, కలవరింతలతో మనిషి తట్టుకోలేకపోవడం రెండోది. గడ్డ నరాన్ని నొక్కడం వల్ల మంట, తిమ్మిరి, షాక్ కొట్టినట్టుండే పోట్లు వచ్చి, మార్ఫిన్ ఎంత ఇచ్చినా అవి పూర్తిగా లొంగకపోవడం మూడోది. మొదటిదైతే డోసు సరిచేస్తే చాలు. వెన్ను దారి అవసరం ఎక్కువగా రెండో, మూడో రకాల్లోనే వస్తుంది.

నొప్పి ఎక్కడుంది? నడుము, కటి భాగం, కాళ్ళలో ఉంటే వెన్ను ద్వారా ఇచ్చే మందు సూటిగా అందుతుంది. పైపొట్టలో లోతుగా, వీపులోకి పొడిచినట్టుంటే ముందు నరాల బ్లాక్ గురించి, అంటే నొప్పి మోసే నరాల దగ్గరే మందు ఎక్కించి వాటిని పనిచేయకుండా చేయడం గురించి ఆలోచించాలి. భుజం, తొడ, పక్కటెముకలు ఇలా ఒళ్ళంతా చెదిరి ఉంటే వెన్ను దారి పట్టినా మాత్రలు ఎలాగూ తప్పవు.

ఎంత కాలానికి? అడగడానికి నోరు రాని ప్రశ్న ఇది. అయినా అడగాలి. రోజులా, వారాలా, నెలలా అన్నదాన్ని బట్టే ఏ పరికరం పెట్టాలన్నది మారుతుంది.

ఒళ్ళు ఒప్పుకుంటుందా? కీమో వల్ల ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా వెన్ను లోపల రక్తం గూడుకట్టి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. జ్వరం, రక్తంలో ఇన్ఫెక్షన్, వీపు మీద పుండు ఉంటే అవి తగ్గేదాకా ఆగాలి. క్యాన్సర్ వెన్నుపూసల్లోకి పాకితే గడ్డ లోపలి దారిని మూసేసిందేమో తెలియాలి, కాబట్టి సాధారణంగా ముందు ఎంఆర్ఐ చేయిస్తారు.

ఇంట్లో ఎవరున్నారు, ఆస్పత్రి ఎంత దూరం? అన్నిటికంటే ఎక్కువ బరువు నేను దీనికే ఇస్తాను. గుంటూరు అరండల్‌పేటలో ఉండేవాళ్ళకు ట్యూబు దగ్గర తడి కనిపిస్తే ఆటోలో పది నిమిషాల పని. రేపల్లె దాటి లంక గ్రామంలో ఉండేవాళ్ళకు అదే తడి ఒక రాత్రంతా ఆందోళన.

ఖర్చు. పరికరం ధరతో లెక్క ముగిసిపోదు. మందు నింపించుకోవడం, డ్రెస్సింగ్, ప్రయాణాలు, తోడు వచ్చే మనిషి పోగొట్టుకునే కూలి కూడా కలపాలి. ఎన్టీఆర్ వైద్యసేవలో కీమో వస్తోంది కదా, ఇదీ వచ్చేస్తుందిలే అనుకోకండి. ఆస్పత్రిలోని స్కీము కౌంటర్‌కి వెళ్ళి, డాక్టరు రాసిన ప్రొసీజర్ పేరు చూపించి, ఏది కవరవుతుందో ఏది మన జేబులోంచి పెట్టుకోవాలో అడ్మిట్ కాకముందే తేల్చుకోండి.

## మాత్రలకు పూర్తి అవకాశం ఇచ్చారా?

వెన్ను గురించి మాట్లాడేముందు ఇక్కడ కాసేపు ఆగాలి. మన ఊళ్ళలో చాలామంది వైద్యం ట్రమడాల్ (మార్ఫిన్ కంటే తేలికైన నొప్పి మందు) దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ట్రమడాల్‌కి మామూలుగా రోజుకు 400 మిల్లీగ్రాముల హద్దు ఉంది, అది దాటి పెంచరు. మార్ఫిన్‌కి అలాంటి స్థిరమైన హద్దు లేదు. నొప్పిని బట్టి, మనిషి తట్టుకునేదాన్ని బట్టి డాక్టరు మెల్లగా పెంచుకుంటూ పోతారు. 4 గంటలకోసారి 10 మిల్లీగ్రాములంటే రోజుకు 60. చాలామందికి అది మొదట్లో ఉండే డోసే. అక్కడే ఆగిపోయి "మార్ఫిన్ కూడా పనిచేయలేదు" అనేస్తే మందుకు అన్యాయం, మనిషికి అంతకంటే అన్యాయం.

మార్ఫిన్ మామూలు మాత్రను గడియారం చూసి వేయాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. మధ్యలో ఒక్కసారిగా పోటెత్తే నొప్పికి అదనపు డోసు విడిగా రాయించుకోవాలి. మామూలుగా రోజు మొత్తం డోసులో ఆరో వంతు ఇస్తుంటారు. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఉండాలి, ఎందుకంటే మగత, వికారం కొద్ది రోజుల్లో తగ్గుతాయి కానీ మలబద్ధకం తగ్గదు. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది, అప్పుడు మందు మార్చాలి. నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి తోడు చేశారా, లేదంటే మెథడోన్‌కి (మార్ఫిన్ జాతి మందే ఇంకొకటి) మారే వీలుందా అన్నది కూడా అడగాల్సిందే.

"మార్ఫిన్ మొదలుపెట్టారంటే ఇక చివరికొచ్చినట్టే" అన్న మాట మా ఇంట్లోనూ వినిపించింది. నొప్పికి తగినంత, సరైన పద్ధతిలో ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. అది లేకపోతే తిండీ నిద్రా లేక మనిషి ఇంకా నీరసపడతారు. క్యాన్సర్ నొప్పికి మెట్లు మెట్లుగా మందులిచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది, అందులో పై మెట్టు మీద ఉన్నది మార్ఫినే.

మార్ఫిన్ ప్రతి మందుల షాపులోనూ ఉండదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల దీన్ని తెచ్చి నిల్వ ఉంచడం ఆస్పత్రులకు ఏళ్ళ తరబడి పెద్ద తలనొప్పిగా ఉండేది. 2014లో చట్టాన్ని సవరించి, అత్యావశ్యక నొప్పి మందులకు దేశమంతటా ఒకే పద్ధతి పెట్టారు. గుర్తింపు పొందిన ఆస్పత్రులు వీటిని నిల్వ ఉంచి ఇవ్వొచ్చు. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి ఆవరణలోని నాట్కో క్యాన్సర్ సెంటర్, మంగళగిరి ఎయిమ్స్, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేవి. ఎక్కడికి వెళ్ళినా "మార్ఫిన్ ఇప్పుడు స్టాక్ ఉందా? నొప్పి ఓపీ ఏ రోజు?" అని ముందే ఫోన్ చేసి కనుక్కుంటే ఒక ప్రయాణం మిగులుతుంది.

ఇంకొకటి మరచిపోతుంటారు. క్యాన్సర్ ఎముకకు పాకి ఒకచోట నొప్పి ఉంటే కరెంటు పెట్టించడం, అంటే రేడియేషన్, చాలా మంచి ఉపాయం. 8 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) ఒక్క సిట్టింగ్‌తోనే చాలామందికి నొప్పి తగ్గుతుంది. ఎక్కువ సిట్టింగులతో వచ్చే ఉపశమనానికి ఇది తీసిపోదు, కాకపోతే కొందరికి తర్వాత మళ్ళీ పెట్టాల్సి రావొచ్చు. ఫలితం కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంతవరకు మాత్రలు సాగాల్సిందే.

మింగలేనివాళ్ళకు ఫెంటానిల్ ప్యాచ్ ఉంది, చర్మం మీద అంటించే మందు పట్టీ అది. 72 గంటలకోసారి మారుస్తారు. అంటించాక సరిగా పనిచేయడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది, తీసేశాక కూడా చాలా గంటలు ప్రభావం ఉంటుంది. నొప్పి నిలకడగా ఉన్నవాళ్ళకు బాగుంటుంది, రోజుకో రకంగా మారేవాళ్ళకు కాదు. మన ఎండల గురించి ఒక హెచ్చరిక: ఒళ్ళు వేడెక్కితే ప్యాచ్‌లోంచి మందు ఎక్కువగా లోపలికి దిగుతుంది. జ్వరం వచ్చినా, మే నెలలో రేకుల షెడ్డు కింద పడుకున్నా మగత ఎక్కువవుతుందేమో గమనించాలి. ప్యాచ్ మీద వేడి కాపడం అస్సలు పెట్టకూడదు.

## వెన్నులోకి ఇస్తే ఎందుకంత తేడా?

సిజేరియన్‌కి వెన్నులో ఇచ్చే మత్తు ఎరగని ఇల్లు మన దగ్గర లేదు. చోటు దాదాపు అదే, మందు మోతాదు మాత్రం చాలా తక్కువ, ఆగకుండా కొద్దికొద్దిగా పోతుంది. నొప్పి సంకేతాలు మెదడుకు వెళ్ళేది వెన్నుపాము మీదుగానే. మార్ఫిన్ పట్టుకునే చోట్లు అక్కడే గుంపుగా ఉంటాయి. మాత్రగా మింగితే కాలేయంలో కొంత పోయి, మిగిలింది ఒళ్ళంతా తిరిగి, పేగులను మొద్దుబార్చి, మెదడుకు మగత తెప్పించి, చివరికి కొంచెం వెన్నుపాము చేరుతుంది. మిరప చేనంతా కాలవ నీళ్ళు పారించడానికీ, మొక్క మొదట్లో డ్రిప్ పెట్టడానికీ ఉన్నంత తేడా.

అంకెల్లో చెప్పాలంటే, నోటి ద్వారా 300 మిల్లీగ్రాముల మార్ఫిన్ చేసే పనికి ఎపిడ్యూరల్‌లో (వెన్నుపాము చుట్టూ ఉండే పొర బయట) సుమారు 10, ఇంట్రాథీకల్‌లో (ఆ పొర లోపలి వెన్ను ద్రవంలో) సుమారు 1 మిల్లీగ్రాము చాలని లెక్క వేస్తారు. ఇది అంచనా లెక్కే, మనిషి మనిషికీ మారుతుంది. లాభమూ ప్రమాదమూ రెండూ ఈ లెక్కలోనే ఉన్నాయి. మగత, మలబద్ధకం తగ్గేది మోతాదు ఇంత చిన్నది కాబట్టే. పొరపాటున కాస్త ఎక్కువైతే శ్వాస మందగించేదీ అందుకే.

1979లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 8 మంది క్యాన్సర్ రోగులకు వెన్నులోకి మార్ఫిన్ ఇచ్చి ఫలితాలు ప్రచురించారు. తర్వాత దీనికి బుపివకైన్ అనే తిమ్మిరి మందును తోడు చేయడం మొదలైంది. మార్ఫిన్ ఒక్కదానికీ లొంగని నరాల నొప్పికి ఈ జోడీ బాగా పనిచేస్తుంది. బుపివకైన్ ఎక్కువైతే కాళ్ళు బరువెక్కుతాయి, మూత్రం ఆగిపోవచ్చు, బీపీ పడిపోవచ్చు. మార్ఫిన్‌తో దురద, వికారం, మూత్రం రాకపోవడం మొదట్లో కనిపిస్తాయి. నొప్పి తగ్గాలి, కాళ్ళు ఆడాలి. ఆ రెండూ కుదిరే మోతాదు దొరకడానికే ఆస్పత్రిలో కొద్ది రోజులు ఉంచుతారు.

## దారులన్నీ ఒకచోట

| దారి | ఎవరికి బాగా సరిపోతుంది | సాధారణంగా ఎంత కాలానికి | ఇంట్లో పని | ముఖ్యమైన ఇబ్బంది |
|---|---|---|---|---|
| మార్ఫిన్ మాత్రలు, తోడు మందులు | దాదాపు అందరికీ మొదట ఇదే | ఎంత కాలమైనా | టైముకు మాత్ర, విరేచనం చూసుకోవడం | మగత, మలబద్ధకం |
| నరాల బ్లాక్ | క్లోమం, పైపొట్ట, కటి భాగం నొప్పి | కొన్ని నెలలు | దాదాపు ఏమీ లేదు | కొన్ని రోజులు బీపీ పడిపోవడం, విరేచనాలు |
| ఎపిడ్యూరల్ ట్యూబు | త్వరగా ఉపశమనం కావాల్సినవాళ్ళు | రోజులు, కొద్ది వారాలు | తరచూ మందు మార్చడం, డ్రెస్సింగ్ | ఇన్ఫెక్షన్, ట్యూబు చుట్టూ గట్టిపడటం |
| ఇంట్రాథీకల్ ట్యూబు, బయట పంపు | నడుము కింద తీవ్ర నొప్పి, మాత్రలు పడనివాళ్ళు | వారాల నుంచి కొన్ని నెలలు | పంపు, డ్రెస్సింగ్, కాళ్ళ పరీక్ష | ఇన్ఫెక్షన్, తలనొప్పి, మోతాదు పొరపాట్లు |
| చర్మం కింద అమర్చే పంపు | మూడు నెలలకు పైగా కాలం ఉందనుకునేవాళ్ళు | నెలలు, ఏళ్ళు | చాలా తక్కువ | లక్షల్లో ఖర్చు, నింపే చోటు దగ్గర్లో ఉండాలి |

## నరాల బ్లాక్

క్లోమం, జీర్ణాశయం క్యాన్సర్లలో పైపొట్ట నుంచి వీపులోకి దూసుకుపోయే నొప్పికి వెన్ను ట్యూబు కంటే ముందు దీన్నే అడగాలి. నొప్పి మోసే నరాల గుత్తి సీలియాక్ ప్లెక్సస్ దగ్గరికి ఎక్స్‌రే, సీటీ లేదా ఎండోస్కోపీ సాయంతో సూది పంపి, ఆల్కహాల్ ఎక్కిస్తారు. సాధారణంగా ఒక్కసారితో అయిపోతుంది, ఇంటికి ఏ ట్యూబూ రాదు. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 100 మంది క్లోమ క్యాన్సర్ రోగులను పరీక్షిస్తే, బ్లాక్ చేసినవాళ్ళకు నొప్పి బాగా తగ్గింది. ఆయుష్షు మాత్రం పెరగలేదు.

బీపీ పడిపోవడం వల్ల మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. కొన్ని రోజులు విరేచనాలు అవుతాయి. మార్ఫిన్‌తో మలబద్ధకం పట్టినవాళ్ళకు అది హాయిగానే ఉంటుంది. అరుదుగా కాళ్ళకు బలహీనత రావొచ్చు, ఆ మాట సంతకం పెట్టేముందే డాక్టరుతో మాట్లాడుకోండి.

కటి భాగం నొప్పికి సుపీరియర్ హైపోగ్యాస్ట్రిక్ బ్లాక్, మలద్వారం చుట్టూ ఉండే నొప్పికి గాంగ్లియన్ ఇంపార్ బ్లాక్ ఉన్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నొప్పి అంతా పొత్తికడుపులోనే ఉన్నంతవరకు మొదటిది ఉపయోగపడుతుంది. గడ్డ కాలి నరాల్లోకి పాకితే చాలదు. బ్లాక్‌ను ఆలస్యం చేయకూడదు, గడ్డ ఆ చోటంతా కమ్మేశాక మందు నరాల దాకా పాకదు.

## ఎపిడ్యూరల్ ట్యూబు

వెన్నుపాము చుట్టూ ఉండే పొర బయటే ట్యూబు ఆగుతుంది. పొరను దాటదు కాబట్టి వెన్ను ద్రవం కారి వచ్చే తలనొప్పి సాధారణంగా ఉండదు. ఎపిడ్యూరల్ వేయడం చాలామంది మత్తు డాక్టర్లకు రోజూ చేసే పని, అందుకే మన దగ్గర ఇది తేలికగా దొరికే దారి.

ఇబ్బంది ఏమిటంటే మందు ఎక్కువ పరిమాణంలో పోవాలి, కాబట్టి సిరంజి తరచూ నింపాలి. వారాలు గడిచేకొద్దీ ట్యూబు చుట్టూ కండ గట్టిపడి, మందు ఎక్కించేటప్పుడు నొప్పి వస్తుంది, పనితనం తగ్గుతుంది. పొర బయట గడ్డ ఉంటే మందు పైకి పాకదు. ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలోనే ఉన్నవాళ్ళకు, లేదా వెన్ను మందు పడుతుందో లేదో చూడటానికి ఇది సరిపోతుంది. రెండు మూడు నెలలు ఇంట్లో నడపాలంటే నేనైతే దీన్ని ఎంచుకోను.

## ఇంట్రాథీకల్ ట్యూబు, బయట పంపు

ఇక్కడ ట్యూబు పొరను దాటి వెన్ను ద్రవంలోకి వెళ్తుంది. ముందు ఒక డోసుతోనో, కొద్ది రోజుల ట్రయల్‌తోనో చూస్తారు. నొప్పి కనీసం సగానికి తగ్గితే, ఆపరేషన్ థియేటర్‌లో ఎక్స్‌రే చూస్తూ ట్యూబు వేసి, దాన్ని చర్మం కిందుగా పక్కకి లేదా పొట్ట వైపుకి తీసుకొస్తారు. వెన్ను దగ్గర నేరుగా బయటికి తీస్తే క్రిములు లోపలికి పోవడం సులువు, అందుకే ఈ చర్మం కింది ప్రయాణం. ట్యూబు చివరను, మందు కొద్దికొద్దిగా పంపే చిన్న పంపుకి కలుపుతారు, లేదా చర్మం కింద పోర్టు (సూది గుచ్చే చిన్న డబ్బీ) పెట్టి దానికి సూది తగిలిస్తారు. మందు పరిమాణం ఎపిడ్యూరల్‌కంటే చాలా తక్కువ, కాబట్టి సిరంజి రోజూ మార్చే పని తప్పుతుంది.

మా మేనత్తకు కుడి పిర్ర నుంచి పాదం దాకా మంట. దుప్పటి తగిలినా ఓర్చుకునేది కాదు, చీర కుచ్చిళ్ళు కాలికి తగలకుండా మోకాలి పైకి ఎత్తిపెట్టి పడుకునేది. మందు మొదలుపెట్టాక నర్సు రోజూ చేసిన పని ఒకటి నాకు బాగా గుర్తుంది. ముందు నొప్పి అడగలేదు. "అమ్మా, మడమలు మంచానికి ఆన్చి, బొటనవేళ్ళు మీ వైపు లాగండి" అంది. తర్వాత మోకాలు ముడవమంది. ఆ పైన తడి దూదితో తొడ మీద, పొట్ట మీద తాకుతూ చల్లదనం ఎక్కడ తెలుస్తోందో అడిగి పుస్తకంలో రాసుకుంది. బుపివకైన్ ఎక్కువవుతోందంటే ముందు తెలిసేది అక్కడే. ఇంటికొచ్చాక గోడ క్యాలెండర్‌లో తేదీ గడిలోనే మేమూ రాసేవాళ్ళం: నొప్పి 10కి ఎంత, కాళ్ళు ఆడాయా, మూత్రం వచ్చిందా. నొప్పి పూర్తిగా పోలేదు. పాదం మీద దుప్పటి కప్పుకుని నిద్రపోయింది, ఆమె అడిగింది కూడా అదే.

ట్యూబు పెట్టగానే నోటి మార్ఫిన్ ఒక్కసారిగా ఆపేయకూడదు. చెమటలు, వణుకు, విరేచనాలు, గాభరా వస్తాయి. డాక్టరు మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. ఒళ్ళంతా నొప్పి ఉన్నవాళ్ళకు కొంత మాత్ర ఎప్పటికీ ఉండొచ్చు, అంతమాత్రాన ట్యూబు విఫలమైందని కాదు.

లేచి కూర్చుంటే తల పగిలిపోయేలా నొప్పి, పడుకోగానే తగ్గిపోవడం వెన్ను ద్రవం కారుతోందనడానికి గుర్తు. చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది, డాక్టరుకి మాత్రం చెప్పాలి. అసలు భయపడాల్సింది ఇన్ఫెక్షన్‌కి. ట్యూబు బయట ఎన్నాళ్ళుంటే ప్రమాదం అంత పెరుగుతుంది, మెదడు పొరలకు పాకితే ప్రాణం మీదకొస్తుంది. తలంటు, కుంకుడుకాయ, చన్నీళ్ళు కుమ్మరించుకోవడం కుదరదు. డ్రెస్సింగ్ తడవకుండా తడిగుడ్డతో ఒళ్ళు తుడవాలి.

## చర్మం కింద అమర్చే పంపు

అరచేతిలో పట్టే గుండ్రటి పరికరం. పొట్ట చర్మం కింద పెడతారు, బయటికి ఏ ట్యూబూ కనపడదు. లోపల 20 లేదా 40 మిల్లీలీటర్ల మందు పట్టే రకాలున్నాయి. కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలకోసారి చర్మం మీంచి సూదితో నింపుతారు, బ్యాటరీ ఏళ్ళ తరబడి వస్తుంది. గాయం మానాక స్నానం చేయొచ్చు, ఇన్ఫెక్షన్ భయమూ బయటి ట్యూబుతో పోలిస్తే తక్కువ.

2002లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో తీవ్ర క్యాన్సర్ నొప్పి ఉన్న 202 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మంచి మందుల వైద్యం, రెండో జట్టుకు దానితోపాటు ఈ పంపు. పంపు జట్టులో 84.5 శాతం మందికి, మందుల జట్టులో 70.8 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు జరిగింది. పంపు జట్టులో మందుల దుష్ప్రభావాలు బాగా తగ్గాయి. చాలామంది మొదటి అంకె చూసి పంపు వైపు మొగ్గుతారు. నేను రెండో అంకె ముందు ఎక్కువసేపు ఆగుతాను. మందుల వైద్యం శ్రద్ధగా చేస్తే ప్రతి పదిమందిలో ఏడుగురికి మేలు జరిగింది కదా.

మనవైపు చాలా కుటుంబాలకు దీని ధర అందదు. ధర అందినా, నింపేవాళ్ళు ఎక్కడున్నారన్నది చూడాలి. పంపు హైదరాబాద్‌లో పెట్టించుకుని, ప్రతిసారీ నింపడానికి అక్కడికే వెళ్ళాల్సి వస్తే, మనిషి ప్రయాణం చేయలేని రోజున ఏం చేస్తారు? ఎంఆర్ఐకి వెళ్ళిన ప్రతిసారీ పంపు ఉందని చెప్పాలి.

## ఏ ఇంటికి ఏది

తెనాలిలో క్లోమ క్యాన్సర్‌తో ఉన్న పెద్దాయన, అన్నం తిన్నాక వీపులోకి పొడుస్తుంది, నొప్పి ఇంకెక్కడా లేదు. ఆయనకు ముందు సీలియాక్ బ్లాక్, అది చాలకపోతేనే మిగతావి.

రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకి నడుము, తొడ, భుజం మూడుచోట్లా నొప్పి ఉన్న ఆవిడకు మార్ఫిన్ సరిచేయడం, నొప్పి ఎక్కువున్న చోట కరెంటు పెట్టించడం ముందు. వెన్ను ట్యూబు ఆవిడ భుజానికి చేసేది తక్కువే.

కటి భాగంలో గడ్డ కాలి నరాలను నొక్కుతున్నవాళ్ళు, మార్ఫిన్ పెంచితే కలవరించేవాళ్ళు, ఇంట్లో ఇద్దరు చూసుకునేవాళ్ళున్నవాళ్ళు: ఇంట్రాథీకల్ వీళ్ళకోసమే. ప్లేట్‌లెట్లు బాగున్నప్పుడే, పక్కకి తిరిగి పడుకోగలిగినప్పుడే అడగండి. ఇంకో రెండు కీమోలు అయ్యాక చూద్దాం అనుకుంటే ఆ వీలు పోవచ్చు.

ముసలి దంపతులిద్దరే ఉంటూ, పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటే బయటి పంపు విషయంలో జాగ్రత్తగా ఆలోచించండి. కనీసం మొదటి కొద్ది వారాలు ఆస్పత్రి దగ్గర్లో గది తీసుకోగలిగితే, లేదా శిక్షణ ఉన్న నర్సు ఇంటికి రాగలిగితేనే. లేకపోతే ప్యాచ్, మెథడోన్, బ్లాక్ వీటిలో ఏది కుదురుతుందో ముందు చూడటం మేలు.

రోజుల్లోనే ఉన్నారని డాక్టరు చెప్పినవాళ్ళకు కొత్త ఆపరేషన్ ఎందుకు? చర్మం కింద సన్న సూదితో మార్ఫిన్ ఇంట్లోనే ఇవ్వొచ్చు. అదీ చాలకపోతే ఆస్పత్రిలో ఎపిడ్యూరల్.

## సంతకం పెట్టేముందు అడగండి

ఇలాంటి ట్యూబులు మీ దగ్గర ఇంతకుముందు వేశారా? రాత్రి రెండింటికి పంపు అలారం కొడితే ఏ నంబరుకి చేయాలి, ఎత్తేది ఎవరు? మందు ఎన్నాళ్ళకోసారి నింపాలి, సెలవుల్లో ఎవరు నింపుతారు? ప్రిజర్వేటివ్ (మందు నిల్వ ఉండటానికి వేసే రసాయనం) కలపని మార్ఫినే వాడుతున్నారా? ట్రయల్‌లో నొప్పి ఎంత తగ్గితే ముందుకెళ్తారు, తగ్గకపోతే తర్వాతి మాట ఏమిటి? కరెంటు పోతే పంపు బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది? వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు దొరికితే, ఆస్పత్రి భవనం చిన్నదైనా సరే, నేను అక్కడికే వెళ్తాను. రాత్రి ఫోన్ ఎత్తేవాళ్ళెవరో చెప్పలేకపోతే, మిగతావన్నీ బాగున్నా నేను ట్యూబు పెట్టించను.

## ఇంటికొచ్చాక

పిలిస్తే పలకనంత మగత, నిమిషానికి పదికంటే తక్కువ శ్వాసలు, కాళ్ళు ఉన్నట్టుండి కదలకపోవడం, వీపులో కొత్తగా తీవ్రమైన నొప్పి, మూత్రం ఆగిపోవడం, జ్వరంతో మెడ పట్టేయడం, ట్యూబు దగ్గర ఎర్రదనం లేదా చీము. వీటిలో ఏది కనిపించినా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. 108కి చేయండి. మార్ఫిన్ ఎక్కువైతే నలోక్సోన్ అనే విరుగుడు మందు ఉంది, క్యాజువాలిటీలో చేరగానే "వెన్నులోకి మార్ఫిన్ పోతోంది" అన్న మాట మొదట చెప్పండి.

నొప్పి తిరగబెడితే ప్రతిసారీ జబ్బు ముదిరిందని కాదు. ట్యూబు మెలిపడిందా, ఊడిందా, పంపు ఖాళీ అయిందా అన్నది ముందు చూస్తారు.

నీరసంగా ఉన్నారని వీధిలోని ఆర్ఎంపీనో, తెలిసిన కాంపౌండర్‌నో పిలిచి సెలైన్ పెట్టించడం మన ఊళ్ళలో మామూలే. చేతికి నరం దొరకక, "ఇక్కడో ట్యూబు ఉందిగా" అని ఎవరైనా అందులో ఇంజెక్షన్ ఎక్కిస్తే ప్రాణం పోవచ్చు. అందుకే ట్యూబు చివర, పంపు మీద రెండుచోట్లా ప్లాస్టర్ అంటించి, పెద్ద అక్షరాల్లో "వెన్ను ట్యూబు. ఇందులో వేరే మందు ఎక్కించవద్దు" అని తెలుగులోనే రాయించండి. మంచం పక్క గోడకు ఒక అట్టముక్క తగిలించండి. దాని మీద పంపులో ఉన్న మందుల పేర్లు, గంటకు ఎంత పోతోంది, చివరిసారి నింపిన తేదీ, నోటి మాత్రల వివరం, పడని మందులు, డాక్టరు రాత్రి ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. డోసు మారిన రోజే ఆ అట్టనూ మార్చండి. అంబులెన్స్ ఎక్కేటప్పుడు ఫైలుతో పాటు ఆ అట్ట కూడా చేతిలో ఉండాలి.